నలభై ఒక్క చప్టాలు

నా యాప్‌ని తీసేశామని ఫోన్ కంపెనీ ఉత్తరం పంపేనాటికి మా ఊళ్ళో వాన మొదలై పన్నెండు రోజులు. ఫిబ్రవరి మూడు. చెరకు చేలల్లో నీళ్ళు మోకాలి దాకా నిలిచాయి. ఇంట్లో గోడలకు బూజు పట్టింది. పొద్దున కొన్న బ్రెడ్డు సాయంత్రానికి పచ్చబడుతోంది. నేను టీ కలుపుకుని ఫోన్ తెరిస్తే ఆ ఉత్తరం కనిపించింది. నాలుగే వాక్యాలు. మీ యాప్ ప్రభుత్వ సమాచారం ఇస్తున్నట్టు వాడేవాళ్ళను నమ్మిస్తోంది. ఇది మా నియమాలకు విరుద్ధం. అందువల్ల దాన్ని స్టోర్‌లోంచి తొలగించాం. మీ సహనానికి కృతజ్ఞతలు.

ఆ చివరి వాక్యం దగ్గర నాకు ఒళ్ళు మండింది. నేనింకా సహించడం మొదలే పెట్టలేదు, అప్పుడే కృతజ్ఞతలు చెప్పేశారు.

నా పేరు డెల్మా జపాలా. మా తాత సిసిలీ నుంచి చెరకు కొట్టడానికి వచ్చి ఆస్ట్రేలియాలో టల్లీకి ఉత్తరాన ఈ ఊళ్ళో ఉండిపోయాడు. నేను ఇరవై రెండేళ్ళు చక్కెర మిల్లు ల్యాబులో పనిచేశాను. రసంలో తీపి ఎంతుందో కొలవడం నా పని. మిల్లు మూసేశాక, నలభై నాలుగేళ్ళ వయసులో, వంటింటి బల్ల మీద కూర్చుని కోడ్ రాయడం నేర్చుకున్నాను. నేను రాసింది ఒక్కటే యాప్. పేరు "దాటొచ్చా".

మా చుట్టుపక్కల వాగుల మీద నలభై ఒక్క చప్టాలున్నాయి. వాన పడితే ఏది మునుగుతుందో, ఎప్పుడు మునుగుతుందో ఆ పక్కన కాపురమున్నవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. రోడ్ల శాఖ వాళ్ళకు ఒక పేజీ ఉంది. దాన్ని రోజూ పొద్దున్నే ఒకసారి మారుస్తారు. వాగు వాళ్ళ కోసం మర్నాటి పొద్దుటిదాకా ఆగదు. ఆరేళ్ళ కిందట ఎటోరె బొనానో అనే ముసలి రైతు ఆ పేజీలో "రోడ్డు తెరిచే ఉంది" అన్న మాట చూసుకుని బయల్దేరాడు. మూడు రోజుల తర్వాత బండి దొరికింది. ఆయన దొరకడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆయన మా నాన్నతో కలిసి చెరకు కొట్టినవాడు.

ఆ ఏడే నేను చప్టా చప్టాకీ తిరిగి, పక్కింటివాళ్ళ తలుపు తట్టి అడిగాను. మీ వరండాలోంచి కొలకర్ర కనిపిస్తుంది కదా, నీళ్ళు ఎంతున్నాయో చూసి ఫోన్‌లో కొడతారా అని. నలభై ఒక్క ఇళ్ళవాళ్ళూ సరేనన్నారు. మా దగ్గర వానకు ముందుగా పోయేవి సెల్ టవర్లే. అందుకని ఇంటర్నెట్ లేకపోయినా ఒక ఫోన్ పక్కనుంచి ఇంకో ఫోన్ వెళ్తే చాలు, తాజా కొలతలు ఒకదాన్నుంచి ఒకదానికి అందేలా రాశాను. పాలబండి వెళ్తే పాలబండితోపాటు కబురు వెళ్తుంది. పంతొమ్మిది వందల మంది వాడేవారు. అందులో ఎక్కడా ప్రభుత్వం అన్న మాటే లేదు. మొదటి తెరమీదే పెద్దక్షరాల్లో రాసి పెట్టాను: ఇది మీ ఇరుగుపొరుగువాళ్ళు చెప్పేది.

నేను జవాబు రాశాను. ఆ మొదటి తెర ఫోటో కూడా జతచేశాను. పదకొండు నిమిషాల్లో తిరుగు జవాబు వచ్చింది, అవే నాలుగు వాక్యాలతో. మళ్ళీ రాశాను. మళ్ళీ అవే. అవతల మనిషి లేడని మూడోసారికి గానీ నాకు అర్థం కాలేదు. మిల్లులో మా ఫోర్‌మన్ పరమ మూర్ఖుడు, కానీ వాడి గదికి తలుపుండేది. తలుపు తోసుకుని వెళ్ళి అరవడానికి వీలుండేది.

స్టోర్‌లోంచి తీసేసి ఊరుకున్నా బాగుండేది. అప్పటికే ఫోన్లలో ఉన్నవాటిని కూడా వదల్లేదు. అందరి ఫోన్లలోనూ ఎర్రటి చీటీ ఒకటి ప్రత్యక్షమైంది. ఈ యాప్ మీకు హాని చేయవచ్చు, వెంటనే తీసేయండి. కింద ఒక్కటే బటన్, తీసేయమని. వద్దనడానికి కూడా దారి ఉంది, కానీ అది సన్న అక్షరాల్లో ఎక్కడో మూల.

కెరిన్ ఆబ్‌స్ట్ ఆ బటన్ నొక్కింది.

కెరిన్ నాకు స్కూలు రోజుల నుంచి స్నేహితురాలు. నర్సు. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు కట్లు కడుతుంది, సూదులు వేస్తుంది. ఫిబ్రవరి ఎనిమిదిన పొద్దున పదింటికి, పుండుపడ్డ కాలికి కట్టు మార్చడానికి ఒకాయన ఇంటికి బయల్దేరింది. దార్లో చప్టా మీద నీళ్ళు పల్చగా కనిపించాయి. అవతల ఒడ్డున ఇంట్లో ఉండే ఆవిడ అంతకు ఇరవై నిమిషాల ముందే కొలత కొట్టింది: మీటరు పది, పెరుగుతోంది. అది చూడ్డానికి కెరిన్ ఫోన్‌లో యాప్ లేదు. బండి సగం దాటేసరికి వెనక చక్రాలు తేలాయి. వాగు దాన్ని రెండు వందల గజాలు ఈడ్చుకుపోయి పేపర్‌బార్క్ చెట్ల గుంపులో ఇరికించింది. కెరిన్ కిటికీలోంచి బయటపడి ఒక కొమ్మను పట్టుకుని మూడు గంటలు వేలాడింది. మా తమ్ముడు రెంజో వరద సహాయ పడవలో వెళ్ళి ఆమెను దించాడు. రెంజో అరటి తోటలకు పంపులు బాగుచేస్తాడు. వానాకాలంలో జీతం లేకుండా పడవ నడుపుతాడు.

ఆస్పత్రిలో ఆమె కుడి భుజం మొత్తం కట్టేసి ఉంది. కీలు దగ్గర నరాలు తెగాయన్నారు. పక్కన కూర్చున్నాను. ఆమే మాట్లాడింది.

"కొట్లో లైన్లో నిలబడి ఉన్నా డెల్. ఫోన్ గుర్రుమంది. చూస్తే ఎర్రగా ఏదో వచ్చింది."

"నా యాప్ అని రాయలేదా?"

"రాసుంది. నీ పేరు కూడా ఉంది. అయినా నొక్కేశాను. ఫోన్ చెప్తే నొక్కేస్తాం కదే."

ఆ మాటకు నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా నొక్కేదాన్నే. ఆ ఫోన్ తయారుచేసినవాడికి మా మీద ఉన్న అధికారం అలాంటిది. మా ఊరు మ్యాపులో ఎక్కడుందో వాడికి తెలియదు. మా వాగు పేరు పలకడం రాదు. అయినా నలభై ఏళ్ళుగా నాకు స్నేహితురాలైన మనిషి నా పేరును పక్కనపెట్టి వాడి మాట విన్నది.

ఇంటికొచ్చి, నీళ్ళలోంచి క్రేన్‌తో తీస్తున్న ఆమె బండి ఫోటో పెట్టి నాలుగోసారి రాశాను. పదకొండు నిమిషాలకు జవాబొచ్చింది. మీ సహనానికి కృతజ్ఞతలు. చేతిలో ఉన్న కప్పు గోడకేసి కొట్టాను. మా అమ్మ ఇచ్చిన కప్పు అది. ముక్కలు ఏరుతూ ఏడ్చాను. కోపం తగ్గాక కాదు, కోపంలోనే.

ఆ సాయంత్రమే "బ్యాక్ షెడ్" వాళ్ళకు రాశాను. అది ఎవరి సొంతమూ కాని స్టోర్. పాతికమంది వాలంటీర్లు ఎక్కడెక్కడి నుంచో నడుపుతారు. ఫోన్‌తోపాటు రాదు. మనమే వెతుక్కుని పెట్టుకోవాలి. రెండు గంటల్లో న్యూజిలాండ్‌లోని డునెడిన్ నుంచి ఫెర్గస్ మెక్‌కెక్నీ అనే ఆయన జవాబిచ్చాడు. డెబ్భై ఒక్కేళ్ళవాడు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాడు. మీ ఫ్రెండు భుజం ఎలా ఉంది అని మొదటి వాక్యం. అది రెండోసారి చదివాను. ఇన్నాళ్ళకు ఒక మనిషి.

రెండో వాక్యం నుంచి మాత్రం ఆయన మెత్తటివాడు కాడు. వాళ్ళ షరతు ఏమిటంటే, కోడ్ మొత్తం అందరికీ కనిపించేలా బయట పెట్టాలి. వాళ్ళలో ఒకరు ప్రతి వరుసా చదువుతారు. చదివి ఒప్పుకుంటేనే స్టోర్‌లో పెడతారు. నాకు ఇష్టం లేకపోయింది. ఆ కోడ్ నా వంటింటి లాంటిది. ఎక్కడ మురికి ఉందో నాకే తెలుసు. అయినా పంపాను.

మూడు రోజుల తర్వాత ఆయన పదకొండు తప్పులు రాసి పంపాడు. పది చిన్నవి. పదకొండోది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మ్యాపు గీయడానికి నేను ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన ఉచిత కోడ్ ముక్క ఒకటుంది. అది కొలతలు కొట్టే ప్రతి ఒక్కరి ఫోన్ ఎక్కడుందో పావుగంటకోసారి ఒక ప్రకటనల కంపెనీకి చేరవేస్తోందని రాశాడు.

నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. రెండు పేజీల ఉత్తరం. మీరు దక్షిణాన తడి తగలని ఇంట్లో కూర్చుని చదువుతారు, ఇక్కడ జనం చెట్లకు వేలాడుతున్నారు, మీకు తప్పులు వెతకడం సరదా అని రాశాను. ఆయన ఒక్క ముక్కలో జవాబిచ్చాడు.

"తిట్టండమ్మా, పర్లేదు. తిట్టడమయ్యాక నాలుగు వందల పన్నెండో వరుస చూడండి."

చూశాను. నిజమే. మూడేళ్ళుగా వెళ్తోంది. నేను చదవకుండా అతికించాను. నా మాట నమ్మి వరండాలో నిలబడి కొలకర్ర చూసిన నలభై ఒక్కమంది ఇంట్లో ఎప్పుడున్నారో, చర్చికి ఎప్పుడు వెళ్ళారో, ఎంతసేపున్నారో అంతా ఎవడికో అమ్ముడుపోయింది. ఆ మూడేళ్ళూ ఆ పెద్ద స్టోర్ వాళ్ళు నా యాప్‌ని తమ దగ్గర ఉంచుకున్నారు. ప్రతి అప్‌డేట్‌నూ పరీక్షించామని ముద్ర వేశారు. దాన్ని మాత్రం పట్టుకోలేదు. ఇరుగుపొరుగు మాటను పట్టుకున్నారు.

వాళ్ళను తిట్టుకోవడం తేలిక. ఆ ముక్క అతికించిన చెయ్యి మాత్రం నాది.

నలభై ఒక్కమందికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. కొందరు నవ్వేశారు. మా గురించి తెలుసుకుని వాడేం చేసుకుంటాడే, నేను పొద్దస్తమానం కోళ్ళ దగ్గరే కదా ఉండేది అంది ఒకావిడ. ఔరేలియో టెస్టా మాత్రం నవ్వలేదు. ఆయనది పదిహేడో చప్టా, అన్నిటికంటే ముందు మునిగేది. నా మాటంతా విని, "మీ నాన్న అయితే ఇలా చేసుండేవాడు కాదు" అని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఆ చప్టా నుంచి కొలత రాలేదు. వారానికోసారి నేనే బండేసుకుని వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చేదాన్ని. ఆయన వరండాలో కూర్చుని నన్ను చూసి కూడా పలకరించేవాడు కాదు.

ఆరు రోజులు కూర్చుని మ్యాపు నా చేత్తో నేనే గీశాను. ఫెర్గస్ మళ్ళీ చదివి, ఇక బాగుంది అన్నాడు. "దాటొచ్చా" బ్యాక్ షెడ్‌లో చేరింది. ఇప్పుడు దాన్ని జనం ఫోన్లలోకి ఎక్కించాలి. ఊరి జాతర జరిగే షోగ్రౌండ్ హాల్లో బల్ల వేసుకుని నాలుగు శనివారాలు కూర్చున్నాను. ఒక్కో ఫోన్‌లో మూడుసార్లు హెచ్చరిక వచ్చేది. ఈ మూలం నమ్మదగినది కాదు. మీ సమాచారం దొంగిలించవచ్చు. మీరు నిజంగానే ముందుకు వెళ్తారా. ఒక్కో హెచ్చరికకూ ఒక్కో మనిషి ముఖం మారడం నా కళ్ళతో చూశాను. దొంగతనం ఆ పెద్ద స్టోర్ ముద్ర కిందే జరిగిందని తెలిసిన తర్వాత ఆ అక్షరాలు చదివించడం ఎంత అవమానమో మాటల్లో చెప్పలేను. కొంతమంది రెండో హెచ్చరిక దగ్గర లేచి వెళ్ళిపోయారు. ఒకాయన నా వైపు వంగి, ఏమ్మా, అంత మంచిదైతే మంచి కొట్లో ఎందుకు అమ్మనివ్వలేదు అని అడిగాడు. నాలుగు శనివారాలకు ఆరు వందల నలభై మంది అయ్యారు. పంతొమ్మిది వందల్లో ఆరు వందల నలభై.

ఈలోగా కెరిన్ సంగతి కెయిర్న్స్ పట్నం పేపర్లో వచ్చింది. అప్పుడు కంపెనీకి మనుషులు పుట్టుకొచ్చారు. ఒకామె వీడియోలో మాట్లాడింది. చాలా మర్యాదగా ఉంది. జరిగినదానికి విచారిస్తున్నామంది, తప్పు మాదే అని మాత్రం ఎక్కడా అనలేదు. యాప్‌ని వెంటనే తిరిగి పెడతామంది. షరతులు రెండు. ఇరుగుపొరుగు కొట్టే కొలతలు తీసేసి రోడ్ల శాఖ పేజీ ఒక్కటే చూపించాలి. ఇంకో స్టోర్‌లో ఇంకో రకం దొరుకుతుందని లోపలెక్కడా రాయకూడదు.

"అంటే పొద్దున్నే ఒకసారి మార్చే పేజీని రోజంతా చూపించమంటారు" అన్నాను.

"అది ధ్రువీకరించిన మూలం అండీ" అంది.

వారం గడువిచ్చింది. ఆ వారంలో నాకూ రెంజోకీ మా నాన్న చనిపోయిన తర్వాత ఎప్పుడూ జరగనంత గొడవ జరిగింది. వాడు తడి బూట్లతోనే నా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఒప్పుకోమన్నాడు. వాడి వాదన తీసిపారేసేది కాదు. మా ఊళ్ళో సగంమంది అరటికాయలు కోయడానికి దేశదేశాల నుంచి వచ్చే పిల్లలు. మూడు నెలలుంటారు, వెళ్ళిపోతారు. వాళ్ళకు షోగ్రౌండ్ హాలు తెలియదు, బ్యాక్ షెడ్ తెలియదు. ఫోన్‌లో ఉన్న స్టోర్ తెరిచి రోడ్డు, వరద అని కొట్టి చూస్తారు. అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా అన్నాడు.

"ఏదో ఒకటి ఉంటే ఏమవుతుందో ఎటోరెని అడుగు" అన్నాను.

"ఎటోరె పోయాడు అక్కా. ఉన్నవాళ్ళ గురించి మాట్లాడు."

"నా పేరు పెట్టి అబద్ధం చూపించమంటావా?"

"నీ పేరు, నీ కోడ్, నీ కోపం. పడవలో ఉండేది నేను. నువ్వు కాదు."

వాడు తలుపు విసిరికొట్టి వెళ్ళాడు. నేను ఆ రాత్రి పడుకోలేదు. వాడన్నదాంట్లో నిజముంది. నా పంతం కూడా ఉంది, లేదని చెప్పను. కానీ ఎటు తిప్పి చూసినా ఒక్కచోటికే వచ్చి ఆగాను. ఆ పేరుతో ఉన్న యాప్‌లో "తెరిచే ఉంది" అని కనిపిస్తే ఇక్కడివాళ్ళు నమ్ముతారు. ఎందుకంటే ఇన్నాళ్ళూ ఆ పేరు అబద్ధం చెప్పలేదు. ఆ నమ్మకాన్ని తీసుకెళ్ళి ఆ పేజీకి తొడగలేను. గడువుకు ఒక రోజు ముందు, ఒప్పుకోనని రాసి పంపాను. ఈసారి పదకొండు నిమిషాలు కాదు, రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం అని.

మార్చి పంతొమ్మిదిన మధ్యాహ్నం వ్యాన్ ఒకటి పదిహేడో చప్టాలో పడింది. అరటితోట పిల్లలు ముగ్గురు. ఇద్దరు చిలీ వాళ్ళు, ఒక తైవాన్ అమ్మాయి. వ్యాన్ పైకెక్కి కూర్చుని అరిచారు. ఆ అరుపులు విని ఔరేలియో టెస్టా ట్రాక్టరు తీసుకొచ్చి తాడు విసిరాడు, డెబ్భై ఆరేళ్ళ మనిషి. రెంజో పడవ చేరేలోపు ఇద్దరిని ఒడ్డుకు లాగాడు. మూడో పిల్లను రెంజో తెచ్చాడు. ముగ్గురూ బతికారు.

రెంజో అక్కడి నుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడ్డాడు, ఒంటినిండా బురద.

"స్టోర్‌లో వెతికారట" అన్నాడు. "ఏమీ దొరకలేదట. అంతే చెప్పడానికి వచ్చా."

ఆ చప్టాకు నెల రోజులుగా కొలత లేదని నాకు తెలుసు. బ్యాక్ షెడ్ పెట్టుకున్నా ఆ పిల్లలకు అక్కడ ఏమీ కనిపించేది కాదు. దానికి కారణం కంపెనీ కాదు, నేను అతికించిన ఆ ముక్క. ఆ సంగతి వాడికి చెప్పాను. తువ్వాలు ఉంటే ఇవ్వు అన్నాడు. ఇచ్చాను.

మర్నాడు ఔరేలియో ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి ఆయన వరండా మెట్ల మీద నిలబడ్డాను. అరగంట నిలబెట్టాడు. నేను నోరు తెరిచేలోపే మా నాన్న గురించి, మిల్లు గురించి, ఈ ఫోన్ల గురించి కడుపులో ఉన్నదంతా కక్కాడు. నేను మధ్యలో అడ్డు రాలేదు. చివరికి, కోడ్ ఇప్పుడెలా ఉందో ఎవరైనా చదివారా అని అడిగాడు. డునెడిన్‌లో ఒకాయన ప్రతి వరుసా చదివాడని, ఇకమీద ఎవరైనా చదవొచ్చని చెప్పాను. ఆయన చెయ్యి చాచి ఫోన్ ఇచ్చాడు. నువ్వే పెట్టు, నాకు ఆ ఎర్ర చీటీలు చూస్తే చిరాకు అన్నాడు.

అక్కడి నుంచి తోటల కాంట్రాక్టర్ల దగ్గరికి తిరిగాను. ఒక్కొక్కడితోనూ గొడవపడ్డాను. కొత్త పిల్లలకు మొదటి రోజు బూట్లు, కత్తి ఇస్తారు కదా, అప్పుడే యాప్ కూడా పెట్టించండి, నేనే వస్తాను అని. ఇద్దరు వెంటనే సరేనన్నారు. ఒకడు మాకు సంబంధం లేదన్నాడు. వాడి ఆఫీసు గుమ్మం ముందు కెరిన్‌ను తీసుకెళ్ళి నిలబెట్టాను. చెయ్యి ఎత్తి చూపించమన్నాను. ఆమె ఎత్తబోయింది. భుజం దాకా కూడా రాలేదు, ఇకముందు కూడా రాదని డాక్టర్లు చెప్పేశారు. వాడు తల వంచుకుని, సోమవారాలు రమ్మన్నాడు.

ఇప్పుడు సోమవారం సోమవారం ప్యాకింగ్ షెడ్డుకు వెళ్తున్నాను. పోయిన వారం ఇరవై ముగ్గురు. రేకుల కప్పు మీద వాన, ఒకరి మాట ఒకరికి వినిపించనంత. వరసలో వచ్చి ఫోన్లు చాపుతారు. మొదటి హెచ్చరిక వస్తుంది, నా వైపు చూస్తారు. రెండోది వస్తుంది, మళ్ళీ చూస్తారు. ఒక అమ్మాయి మూడో హెచ్చరిక దగ్గర వేలు ఆపి, ఇది నిజంగా ప్రమాదమా అని అడిగింది. నాకు కోపం నెత్తికెక్కింది. ఆ పిల్ల మీద కాదు. ఆమె వసతి గది ఎక్కడో అడిగాను. చెప్పింది. ఆమె దారిలో ఉన్న రెండు చప్టాలు నా ఫోన్‌లో తెరిచి చూపించాను. ఒకదానిమీద ముప్ఫై సెంటీమీటర్లు, తగ్గుతోంది. రెండోదానిమీద తొంభై, పెరుగుతోంది. ఎప్పుడు కొట్టారు ఇది అని అడిగింది. నాలుగు నిమిషాలైందని చెప్పాను.

ఆమె వేలు నొక్కింది. వెనకున్న పిల్లను రమ్మన్నాను.